కాటా దగ్గర లెక్క వచ్చు, బడిలో పేరు లేదు

మిర్చి కోతలప్పుడు సాయంత్రం పూట పల్నాడు జిల్లా కారెంపూడి, దుర్గి వైపు చేలల్లో కాటా పెట్టే చోట కాసేపు నిలబడండి. మేస్త్రి బరువు చదువుతుంటాడు. పక్కనే చంటిపిల్లను చంకనేసుకుని ఓ పదేళ్ల పిల్ల. అమ్మ కోసింది 37న్నర కిలోలు, నాన్నది 41, చిన్నాయనది 33. గోతానికి అరకిలో తరుగు. మేస్త్రి జేబులోంచి సెల్‌ఫోన్ తీసేలోపే ఆ పిల్ల 110 అనేస్తుంది. మొన్న ఫిబ్రవరిలో మా తమ్ముడి చేలో చూశాను. లెక్కలు చెప్పి రిటైరైన ప్రాణం కదా, ఊరుకోలేక అదే కూడికను మట్టిలో పుల్లతో ఒకదాని కింద ఒకటి వేసి ఇచ్చాను. అంకెల మధ్య చుక్క ఏమిటన్నట్టు నా మొహంలోకి చూసింది. కర్నూలు జిల్లా కోసిగి దగ్గర పల్లెలో నాలుగో తరగతట. డిసెంబరు మొదట్లో లారీ ఎక్కింది. ఉగాదికి గానీ ఊరు చేరదు.

ఇది ఆ పిల్ల ఒక్కదాని సంగతి కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరం దగ్గర గడగడా లెక్క కట్టే పిల్లలు, అలాంటి లెక్కనే బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలేమో బజారు లెక్క దగ్గర చతికిలపడ్డారు. ఇది చదివి, "చూశారా, పనే అసలు చదువు" అని మురిసిపోయే పెద్దమనుషులు నాకు తెలుసు. వాళ్ల పిల్లలెవరూ కాటా దగ్గర నిలబడలేదు.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కోతల పనికి, మా వైపు వస్తాయి. అక్కడ వానమీద ఆధారపడ్డ మెట్ట చేలు. ఒక పంట ఇంటికొస్తే పని అయిపోతుంది. ఇక్కడ సాగర్ కుడి కాలువ కింద, బోర్ల కింద పత్తి తీతలు, మిరప కోతలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పండిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులు ఆగదు, తాలు పెరుగుతుంది, రేటు పడిపోతుంది. రైతుకు చేతులు కావాలి, వాళ్లకు కూలి కావాలి. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. తప్పుపట్టాల్సింది కిలో లెక్క కూలిని. రోజు కూలైతే పదేళ్ల పిల్లను మేస్త్రి మనిషిగా లెక్కలోకి తీసుకోడు. కిలో లెక్కలో ఎవరు కోశారన్నది ఎవరికీ అక్కర్లేదు, గోతాం బరువే అక్కర. పిల్ల పొద్దుటి నుంచి కోసిన 8 కిలోలు అమ్మ గోతాంలో కలిసిపోతాయి. ఏ రికార్డులోనూ బాలకార్మికురాలు కనపడదు.

ఆ పిల్ల తల్లిని అడిగాను, మీ దగ్గర సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి కదమ్మా అని. ఉన్నాయి. వలస వెళ్లినవాళ్ల పిల్లలను ఊళ్లోనే ఉంచి, తిండి పెట్టి, బడి మాన్పించకుండా చూసే ఏర్పాటు. మంచి ఆలోచనే. ఆమె మాత్రం, "ఆడపిల్లను యాడ ఇడ్సి రావల్ల మేడమ్? ఊర్లో ముసలామె ఒక్కతే ఉంటాది, ఆమెకే కండ్లు కనపడవు. ఈ సంటిదాన్ని ఎవురు పట్టుకోవల్ల?" అంది. పిల్ల చేతిలో చంటిది ఉంది. చంటిది చేతిలో ఉన్నంతకాలం ఆ పిల్ల ఏ బడికీ రాదు. నాకు ఆ కుటుంబం పిల్లను నిర్లక్ష్యం చేస్తోందని అనిపించలేదు. రాత్రి గుడిసె ముందు జొన్నరొట్టెలు కాలుస్తూ తల్లి తన పెంపకం తాను చేస్తోంది. తమ్ముళ్లను ఎలా చూసుకోవాలో, మేస్త్రితో ఎంతవరకు మాట్లాడాలో, పండగకు దాచిన డబ్బును ఎవరికీ కనపడకుండా ఎక్కడ పెట్టాలో ఆ పిల్లకు తెలుసు. ఇంటి నుంచి రావాల్సింది వస్తోంది. బడి నుంచి రావాల్సింది రావడం లేదు.

ఇక అదే చేను గట్టుకు ఇవతల ఉన్న పిల్లల సంగతి. మా ఊళ్లో మిర్చి రేటు బాగున్న ఏడాది వచ్చిందంటే ఆ వేసవిలో పిల్లలు మాయమవుతారు. ఆరో తరగతి నుంచే గుంటూరు, విజయవాడ హాస్టళ్లు. మా బంధువుల అబ్బాయి ఒకడు 11 ఏళ్లకే వెళ్లాడు. ఔటింగ్ రోజు వాళ్లమ్మ క్యారియర్‌లో గోంగూర మాంసం పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. వాడు తినేటంతసేపూ వీక్లీ టెస్టు ర్యాంకు గురించే మాట్లాడేవాడు. వాడికి తన చేలో వేసింది తేజా రకం మిర్చో మరోటో తెలీదు. కోతకొచ్చిన కూలీల పిల్లలతో ఒక్కపూట ఆడలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరంతా ప్రభ కట్టుకుని కదిలినా వాడికి సెలవివ్వలేదు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, బాగానే ఉన్నాడు. ఇంటికొస్తే మాత్రం రెండో రోజుకే ఏం మాట్లాడాలో తెలీక ఫోన్ పట్టుకుంటాడు. ఒకే మిర్చి డబ్బు. ఒక పిల్లకు ఇల్లు ఉండి బడి లేకుండా చేసింది, ఒక పిల్లాడికి బడి ఉండి ఇల్లు లేకుండా చేసింది. పొద్దున బడికి వెళ్లి సాయంత్రం అమ్మ దగ్గరకు రావడమన్న మామూలు సంగతి ఇద్దరికీ దక్కలేదు.

హాస్టళ్ల గొడవ తల్లిదండ్రుల ఇష్టాయిష్టాల మీద నడుస్తుంది, దాన్ని ఒక వ్యాసంతో మార్చలేను. సుగ్గి పిల్లల సంగతి అలా కాదు. దానికి చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్‌లో వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థలదేనని రాసే ఉంది. టీసీ ఆలస్యమైందని ఆపకూడదనీ అదే చట్టంలో ఉంది. అయినా నేను ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని మా వైపు ఒక బడికి వెళితే, "వాళ్ల పేర్లు అక్కడి బడిలో ఉన్నాయి మేడమ్, ఆన్‌లైన్‌లో ఇక్కడ ఎక్కించలేం. కావాలంటే కూర్చోబెడతాం" అన్నారు. మధ్యాహ్నం భోజనం పెట్టారు, అబద్ధం చెప్పకూడదు. ప్లేటుంది, హాజరు లేదు.

హాజరు లేకపోతే ఏమవుతుందో లెక్కల టీచరుగా చెబుతాను. సర్కారు ఇచ్చే తల్లికి వందనం పథకం డబ్బు పడాలంటే 75 శాతం హాజరుండాలి. అంతకుముందు అమ్మఒడికీ అదే షరతు. పై తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే, బడి మానగలిగేది 55 రోజులు. డిసెంబరు మొదట్లో వచ్చి మార్చి చివర వెళ్లే పిల్లకు ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తీసేసినా 80 రోజులకు పైనే పోతాయి. పేదరికం వల్ల బడి మానకూడదని ఇచ్చే డబ్బు, సరిగ్గా పేదరికం వల్ల బడి మానినవాళ్లకే ఆగిపోతుంది. ఆ తల్లి చేతికి రావాల్సిన 13 వేలు రాకపోతే మరుసటి ఏడాది మేస్త్రి దగ్గర అడ్వాన్సు ఇంకాస్త ఎక్కువ తీసుకుంటుంది. అడ్వాన్సు పెరిగితే ఆ పిల్ల చేతులు కూడా ఇంకాస్త ఎక్కువ కావాలి.

ఇక్కడి బడిలో కూర్చున్న రోజును కోసిగి బడి హాజరులో కలపడానికి సాంకేతికంగా అడ్డమేముందో నాకు అర్థం కాదు. ప్రతి పిల్లకూ నంబరుంది. బడి మానితే ఆ నంబరును డ్రాప్‌బాక్స్ అనే ఆన్‌లైన్ జాబితాలో వేయడం వచ్చిన వ్యవస్థకు, రెండు బళ్ల మధ్య పంచడం రాదా?

పేరు ఎక్కడం డబ్బు కోసమే కాదు. పేరు లేని పిల్లలను బడిలో "కర్నూలోళ్లు" అని పిలుస్తారు. ఈ మూల కర్నూలోళ్లు, ఆ మూల మనోళ్లు. 1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా కులం పేరుతో బడిలో పడిన అవమానాలు మా జిల్లాకు తెలియనివి కావు. ఏటా జయంతికి బళ్లలో దండలు వేసి ఆ కథే చెబుతాం. పక్క బెంచీ మీద కూర్చున్న పిల్ల పేరు మాత్రం అడగం.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా సర్కారు బళ్లలో ఒకేరోజు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. ముగ్గులు, ఆటలు, భోజనాలు, సందడిగా జరిగింది. అప్పటికే మా చేల దగ్గర గుడిసెలు లేచాయి. వాటిలోని తల్లిదండ్రులు ఏ బడికి వెళ్లాలి? ఊళ్లో బడి వాళ్లది కాదు, వాళ్ల బడి ఊళ్లో లేదు.

అడిగేది పెద్ద పనులేం కాదు. కోతల నెలల్లో అంగన్‌వాడీని పొద్దున్నే తెరిచి చంటిపిల్లలను తీసుకోవాలి, ఎందుకంటే చంటిది దిగితేనే అక్క బడికి కదులుతుంది. అందుకు అంగన్‌వాడీ ఆయాకు అదనపు కూలి పంచాయతీ ఇవ్వలేకపోతే మిర్చి రైతులం ఎకరానికింతని వేసుకోగలం. పురుగుమందుకు పెట్టే ఖర్చులో అదెంత? బడిలో ఆ పిల్లలకు విడిగా ఒక టీచరును ఈ నాలుగు నెలలకు ఇవ్వాలి. మట్టిలో వేసిన ఆ కూడికలో చుక్క ఎక్కడ పెట్టాలో ఆ పిల్లకు చెప్పడానికి నాకు అరగంట కూడా పట్టలేదు.

పిల్లలెంతమందో తెలీదని ఆఫీసుల్లో అంటారు. అడ్వాన్సులిచ్చిన ప్రతి మేస్త్రి దగ్గరా ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఏ ఊరు, ఇంటి పెద్ద ఎవరు, కోసే చేతులెన్ని, చిన్నపిల్లలెందరు, అన్నీ అందులో రాసే ఉంటాయి. వచ్చే డిసెంబరులో లారీ దిగిన రోజున హెడ్మాస్టరు వెళ్లి ఆ పుస్తకం అడిగి తీసుకుంటే చాలు. ఇవ్వనంటే నాకు చెప్పండి, మా తమ్ముడి మేస్త్రి పుస్తకం నేను తెస్తాను.