పెట్ట, పెట్టె

కోడిపెట్ట చేసే పనిని ఇప్పుడు ఒక పెట్టె చేస్తున్నది. వ్రాతలో రెంటికీ ఒక్క ఎత్వమే భేదం. ఇంక్యుబేటరుకు తెలుగు మాట ఏమిటని ఒక ఉపాధ్యాయ మిత్రుడు అడిగితే ‘పొదుగుపెట్టె’ అన్నాను. ఆవు పొదుగు స్ఫురిస్తుందేమోనని ఆయన సందేహించారు. స్ఫురించినా నష్టం లేదు. అక్కడా ఇక్కడా జరిగేది బిడ్డను పోషించడమే గదా! పేరు మాట అటుంచి, ఆ పెట్టెను ఇళ్ళలోను, పాఠశాలలలోను ఉంచడం మంచిదా కాదా అన్న విషయమై నాకు తోచినది చెప్పదలచాను. నేను జీవశాస్త్రం చదివినవాణ్ణి కాను. రెండు పర్యాయాలు ఇంట్లో గుడ్లు పొదిగించి, అందులో ఒకసారి సిగ్గుపడినవాణ్ణి. నాకున్న అధికారం ఆ మాత్రమే.

మా చిన్ననాట పల్లెలో పెట్ట పొదుగుకు వచ్చిందంటే గంపలో వరిగడ్డి పరచి, పదో పన్నెండో గుడ్లు పెట్టి, చీకటి మూల కూర్చోబెట్టేవారు. ఇరవై ఒక్క రోజులు అది అక్కడ ఏమి చేసేదో ఎవరమూ పట్టించుకోలేదు. పెట్టె కొన్న తరువాత గాని పెట్ట పనితనం నాకు తెలిసిరాలేదు. పంకా ఉన్న యంత్రంలో వేడిమి 37.5 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి. పంకా లేనిదైతే గుడ్ల పైమట్టాన కొలిచి మరొక డిగ్రీ ఎక్కువ ఉంచాలి. గాలిలో చెమ్మ మొదటి 18 రోజులు నూటికి 50, 55 పాళ్ళు, ఆ తరువాత 65కు పైన. గుడ్డును రోజుకు కనీసం మూడుసార్లు దొర్లించాలి. లేకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. 18వ రోజున దొర్లించడం మానాలి. ఈ గణితమంతా ఏ బడికీ పోని పెట్ట తన రొమ్ము కింద, ముక్కు చివర ఉంచుకున్నది. పైగా రోజుకొకసారి మేతకు లేచిపోయి కొద్ది నిమిషాలకు తిరిగి వచ్చేది. కనుక కాసేపు కరెంటు పోయిందని గుండెలు బాదుకోనక్కరలేదు; కంబళి కప్పితే చాలు. గుడ్డు చలిని కొంత ఓర్చుకుంటుంది గాని అధికమైన వేడిని ఓర్చుకోలేదు. పెట్టె కాచగలదే గాని చల్లబరచలేదు. మన వైశాఖమాసపు ఎండలలో ఆ పనికి పూనుకోకపోవడమే మంచిది.

స్వయంగా పెట్టె తయారు చేయబోయే విద్యార్థులకు ఇంకొక మాట. ఎల్.ఇ.డి. దీపం వెలుగిస్తుందే గాని కాచదు. పాత ఫిలమెంటు బల్బు సంపాదించుకోవాలి. అంగడిలో కొన్న గుడ్లు పెట్టవద్దు. ఫారములలో గుడ్ల కోసం పెంచే కోళ్ళ మధ్య పుంజులను ఉంచరు. ఆ గుడ్లలో ప్రాణాంకురం ఉండదు. తెల్ల లెగ్‌హారన్ వంటి జాతులలో ఏళ్ళ తరబడి గుడ్ల సంఖ్యనే చూచి ఎంపిక చేసినందువల్ల పొదిగే స్వభావమే సన్నగిల్లింది. పెట్టకు మనం మరపించిన పనికి పెట్టెను కనిపెట్టుకున్నాము!

కనిపెట్టడం కూడ కొత్తదేమీ కాదు. ఈజిప్టువారు గుడ్లను పెంటలో పాతి పిల్లలను చేయించేవారని అరిస్టాటిల్ వ్రాశాడు. మన ఆదిపర్వమే చూడండి. కద్రువ గుడ్లు వేయి, వినత గుడ్లు రెండు, చెమ్మ వేడి గల పాత్రలలో పరిచారికలు భద్రపరిచారని సంస్కృత మూలం చెబుతున్నది. వేడి, చెమ్మ, కనిపెట్టి ఉండే మనుషులు: పొదుగుపెట్టెకు కావలసినవన్నీ అందులో ఉన్నవి. లోపించినది వినత ఓర్పు ఒక్కటే. ఐదువందల ఏండ్లకు సవతి పిల్లలు బయటికి వచ్చేసరికి ఆమె తన గుడ్డు ఒకటి చిదిపింది. సగమే దేహం ఏర్పడిన అనూరుడు పుట్టి తల్లిని శపించాడు.

ఆ కథను ఎన్నో ఏండ్లుగా పాఠం చెబుతున్న నేను చేసినదేమిటి? మొదటిసారి 24 నాటుగుడ్లు పెట్టాను. ఇరవై ఒకటో నాటి సాయంకాలం ఒక గుడ్డుకు చిన్న బీట పడింది. లోపలినుండి కిచకిచలు వినిపించాయి. నాలుగు గంటలు గడిచినా బీట పెద్దది కాలేదు. “పాపం, అది రాలేకపోతోంది నాన్నా!” అన్నది మా అమ్మాయి. గోటితో పెంకు ఒలిచాను. పొరలో నెత్తుటి నరాలు ఇంకా ఆడుతున్నవి. పచ్చసొన కడుపులోకి పూర్తిగా ఇంకలేదు. రాత్రికి ఆ పిల్ల చచ్చిపోయింది. బీట పడిన తరువాత బయటపడడానికి పన్నెండు మొదలు ఇరవై నాలుగు గంటలు పడుతుందని, ఆ వ్యవధిలోనే నెత్తురును, సొనను అది తనలోకి తీసుకుంటుందని మరునాడు చదివాను. పక్షిని మన నిఘంటువులు ద్విజమంటాయి. గుడ్డుగా ఒకసారి, గుడ్డునుండి మరొకసారి పుడుతుంది కనుక. ఆ రెండవ పుట్టుక దాని సొంత పని. మిగిలిన వాటిని ముట్టలేదు. తెల్లవారేసరికి పన్నెండు పిల్లలు పెట్టెలో తడి ఆరుతున్నవి.

ఈ కారణం చేతనే ప్రతి ఉన్నత పాఠశాలలోను పొదుగుపెట్టె ఉండాలంటాను. అరిస్టాటిల్ రోజుకొక గుడ్డు పగులగొట్టి, మూడు నాళ్ళు గడిచిన గుడ్డులో నెత్తుటి చుక్క వలె కొట్టుకొనే గుండెను చూచాడు. మన పిల్లలకు అంత అవసరం లేదు. ఏడవ రాత్రి చీకటి గదిలో టార్చిలైటు మీద గుడ్డు నిలబెడితే సాలెగూడు వలె ఎర్రని నరాలు కనబడతాయి. పాఠ్యపుస్తకంలోని బొమ్మ అంతగా మనసుకు పట్టదు.

అయితే నాకు ఒక గట్టి అభ్యంతరం ఉన్నది. పెట్టె పని ఇరవై ఒకటో రోజుతో సరి. పెట్ట పని ఆనాడే మొదలు. ఒక పాఠశాలలో పిల్లలు దిగిన వారానికే సెలవులు వచ్చాయి. విద్యార్థులు తలా ఒకటి సంచిలో వేసుకొని పోయారు. తిరిగి బడి తెరిచిన నాడు వాటి ఊసెత్తితే ఒక్కరూ తల ఎత్తలేదట. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలని, సగం పుంజులే అవుతాయని, గద్ద, పిల్లి ఉన్నవని వారికి ఎవరూ చెప్పలేదు. పిల్లలు ఏ ఇంటికి పోతాయో నల్లబల్ల మీద వ్రాసిన తరువాతనే గుడ్లు పెట్టాలి. వ్రాయడానికి పేరు లేకపోతే ఆ ఏడు పెట్టె తెరవవద్దు.

రెండవసారి నేను అలాగే చేశాను. మా వీధి చివరి అవ్వ వద్ద ఒక నాటుపెట్ట పొదుగు మీద ఉన్నదని తెలిసి, అది కూర్చున్న నాడే పెట్టెలో ఇరవై గుడ్లు పెట్టాను. “రాత్రిపూట తీసుకురండి మాస్టారూ, చీకట్లో అది లెక్క చూసుకోదు” అన్నది అవ్వ. పదకొండు పిల్లలను బుట్టలో తీసుకుపోయి ఒక్కొక్కటిగా దాని రెక్క కిందికి జరిపాము. పొద్దున్నే కాలేజీకి పోతూ చూస్తే, తన పిల్లలనూ నా పిల్లలనూ కలిపి వెంటేసుకొని ఆ పెట్ట పెంటకుప్ప గెలుకుతున్నది.