బిల్లు ఉంటే సరిపోదు

"కంపెనీ దివాలా తీసిందట. మా డబ్బులు పోయినట్టేనా సార్?" నెలకి రెండు మూడుసార్లయినా వినే ప్రశ్న ఇది. పోయాయో లేదో తర్వాత చూద్దాం. అసలు అంత రావాలని మీరు రుజువు చేయగలరా?

మొన్న ఒక అట్టపెట్టెల వ్యాపారి తన కాగితాలన్నీ బియ్యం సంచిలో వేసుకుని వచ్చాడు. బిల్లులకి లోటు లేదు. కానీ బిల్లు మనం రాసుకున్నదే కదా! సరుకు చేరిందని చెప్పేది చలానా మీద అవతలివాళ్ల గేటు దగ్గర వేసిన సీలు, సంతకం. పదకొండు బిల్లుల్లో ఏడింటికే అవి దొరికాయి. మిగతా నాలుగింటికి ఈ-వే బిల్లులు, జీఎస్టీ రిటర్నులు వెతికి జత చేశాం.

2016 నాటి దివాలా చట్టం సరుకిచ్చినవాళ్లని ఆపరేషనల్ క్రెడిటర్లంటుంది. మీరే కంపెనీని ట్రైబ్యునల్‌కి లాగాలంటే ముందు డిమాండ్ నోటీసిచ్చి 10 రోజులు ఆగాలి. బాకీ కనీసం కోటి రూపాయలుండాలి. 2020 మార్చి దాకా లక్షే ఉండేది. నన్నడిగితే చిన్న వ్యాపారికి ఆ తలుపు మూసేసినట్టే. అయితే బ్యాంకో మరొకరో కేసు వేసి, అది విచారణకి తీసుకున్నాక, పదివేలు రావలసినవాడు కూడా ఫారం-బి నింపి క్లెయిమ్ వేయొచ్చు.

నోటీసు అందగానే కంపెనీ ఏమంటుందో తెలుసా? "సరుకు బాగాలేదని అప్పుడే చెప్పాం" అంటుంది. నోటీసుకి ముందే నిజమైన వివాదం ఉంటే పిటిషన్ నిలవదని 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్త సాకైతే చెల్లదు గానీ, వివాదంలో ఎవరు గెలుస్తారన్నది అక్కడ తేల్చరు. అందుకే "పెట్టెలు తడిసొచ్చాయి" అని వాట్సాప్ వస్తే "సరే సార్, చూస్తాం" అని వదిలేయకండి. ఎన్ని తడిశాయి, ఎన్ని మార్చి ఇచ్చారు, బిల్లులో ఎంత తగ్గించారు, అన్నీ ఆ రోజే రాసి పంపండి.

ఇంకో చిక్కుంది. క్లెయిమ్‌లు వేయమనే ప్రకటన కంపెనీ ఆఫీసున్న చోట ఇంగ్లీషు పేపర్లోనూ అక్కడి భాషా పేపర్లోనూ పడుతుంది. ముంబై కంపెనీ గురించి మరాఠీ పేపర్లో పడితే గుంటూరులో మీకెవరు చెబుతారు? ఐబీబీఐ వెబ్‌సైట్‌లో కూడా పెడతారు కాబట్టి బాకీదారుల పేర్లు అక్కడ అప్పుడప్పుడూ వెతుకుతుండండి. తాత్కాలిక అధికారిని వేసిన నాటి నుంచి గడువు 14 రోజులే. కాస్త ఆలస్యమైనా వేసే వీలుంది. కానీ ట్రైబ్యునల్ పరిష్కార ప్రణాళికని ఆమోదించేశాక, అందులో లేని బాకీలు రద్దయిపోతాయని 2021లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

రుజువైనా మొత్తం చేతికొస్తుందని నేను చెప్పను. ముందు వరసలో బ్యాంకులుంటాయి. ఓటూ వాళ్లదే.

పాత బాకీలున్నవాళ్లకి ఒక్క పని. బాకీకి కాలదోషం మూడేళ్లు. అవి నిండకముందే, ఏటా మార్చి 31కి ఎంత బాకీ ఉందో కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో రాయించుకోండి. ఆ సంతకం నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అకౌంట్స్ కుర్రాడు ఫోన్లో "అవునండీ, ఉంది" అన్నది లెక్కలోకి రాదు.