ప్రణాళికకు తోడుగా యంత్రం

ఇల్లు కట్టదలచినవాడు ఇటుక పేర్చడానికి ముందు నేల కొలిచి, ముగ్గు పోయిస్తాడు. కంటికి కనిపించని కట్టడమైన కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. ఐబీఎం సంస్థలో ఓఎస్/360 అనే బృహత్తర వ్యవస్థ నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి పట్టే కాలంలో మూడోవంతు ప్రణాళికకు, ఆరోవంతు మాత్రమే కోడ్ రచనకు, మిగిలిన సగం పరీక్షలకు కేటాయించాలని అందులో ఆయన సూచించాడు. ఆలోచనకు ఇవ్వవలసిన కాలం రాతకు ఇచ్చే కాలానికి రెట్టింపు అన్నమాట.

ఇప్పుడు ఆ ఆలోచనా భాగంలోకి కృత్రిమ మేధ ప్రవేశించింది. 2021లో పరిచయమైన గిట్‌హబ్ కోపైలట్ తొలిదశలో ప్రధానంగా సగం రాసిన కోడ్‌ను పూరించే సాధనం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత యంత్రంతో సంభాషిస్తూ పని చేయించుకొనే పద్ధతి వ్యాపించింది. నేటి సహాయక వ్యవస్థలు ప్రోగ్రామ్‌లోని ఫైళ్లను చదివి, పనిని దశలుగా విభజించి, ఏ ఫైలులో ఏ మార్పు చేయాలో తెలిపే ప్రణాళికను ముందుంచి, అనుమతి లభించిన తరువాతే కోడ్ రాసే విధంగా కూడా పనిచేస్తున్నాయి.

దీనివల్ల కలిగే మేలును తోసిపుచ్చడం న్యాయం కాదు. పనిని ఎక్కడ ప్రారంభించాలో తోచని విద్యార్థికి అది దారి చూపుతుంది. అనుభవజ్ఞుడు సైతం మరచిపోయే అంశాలను గుర్తు చేస్తుంది. ఎన్నిసార్లు అడిగినా విసుగు చెందదు. అయితే ప్రణాళికను సిద్ధం చేయడం వేరు, దాని మంచిచెడ్డలను నిర్ణయించడం వేరు. ఈ భేదాన్ని విస్మరించినప్పుడే ప్రమాదం ఏర్పడుతుంది.

ఉదాహరణకు, ఒక కళాశాల గ్రంథాలయానికి ప్రోగ్రామ్ రాయవలసి వచ్చిందనుకుంటే, 14 రోజుల గడువు దాటిన పుస్తకానికి రోజుకు 1 రూపాయి జరిమానా అన్నది నియమం. సహాయకుణ్ణి అడిగిన క్షణాలలోనే విద్యార్థుల పట్టిక, పుస్తకాల పట్టిక, తేదీల లెక్క అంటూ ముచ్చటైన ప్రణాళిక సిద్ధమవుతుంది. కాని దసరా సెలవులలో గ్రంథాలయానికి తాళం పడుతుంది కదా! ఆ రోజులకు జరిమానా పడాలా? పుస్తకం పోగొట్టుకున్న విద్యార్థి లెక్క ఏ రోజుతో ఆగాలి? యంత్రం ఈ ప్రశ్నలను అడిగితే అడగవచ్చు, కాని సమాధానం దాని వద్ద ఉండదు. అది గ్రంథపాలకుని అనుభవంలో ఉంటుంది. ఆయన వద్దకు వెళ్లి పది నిమిషాలు మాట్లాడనివాని ప్రణాళిక ఎంత చక్కగా ఉన్నా, సెలవుల తరువాత వచ్చిన విద్యార్థి చేయని తప్పుకు డబ్బు చెల్లించవలసి వస్తుంది.

భాగవతంలోని హిరణ్యకశిపుడు వరం కోరడంలో తక్కువ జాగ్రత్త చూపలేదు. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, మనిషి వల్ల గాని మృగం వల్ల గాని మరణం ఉండరాదన్నాడు. సంధ్యవేళను, గడపను, నరసింహ రూపాన్ని ఊహించలేకపోయాడు. ప్రోగ్రామ్‌లు విఫలమయ్యేదీ తరచుగా ఇటువంటి గడపల మీదనే.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుండి బయలుదేరిన ఏరియాన్ 5 రాకెట్టు మొదటి ప్రయాణంలోనే, నిమిషమైనా గడవక ముందే ధ్వంసమైంది. ఏరియాన్ 4 కోసం రాసిన కోడ్‌లో కొంత భాగాన్ని కొత్త రాకెట్టులోనూ వినియోగించారు. కొత్త రాకెట్టు పథం వేరు, దాని క్షితిజ సమాంతర వేగం అధికం. ఆ వేగానికి సంబంధించిన విలువ 16 బిట్ల స్థానంలో ఇమడకపోవడంతో దిశానిర్దేశక కంప్యూటర్లు రెండూ నిలిచిపోయాయి. పాత రాకెట్టుకు సరిపోయిన ఊహను కొత్తదానికి సరిపోతుందో లేదో పరీక్షించకపోవడమే అక్కడి లోపం. కృత్రిమ మేధ కూడా అంతకుముందు రాసిన అసంఖ్యాక ప్రోగ్రామ్‌ల నుండి నేర్చుకున్న పోకడలనే ప్రధానంగా ఆధారం చేసుకుంటుంది. కనుక అది చెప్పిన ప్రతి దశనూ ప్రస్తుత సందర్భంతో సరిపోల్చి చూడక తప్పదు.

సమయం ఆదా చేసే సాధనం చేతిలో ఉండగా ఇంత శ్రమ ఎందుకని కొందరు వాదిస్తారు. ఒక్కసారి వాడి పారవేసే చిన్న ప్రోగ్రామ్ విషయంలో ఆ వాదాన్ని అంగీకరించవచ్చు. ఇతరుల సొమ్ముకో, ఆరోగ్యానికో, చదువుకో సంబంధించిన ప్రోగ్రామ్ విషయంలో అంగీకరించలేం. అక్కడ పొరపాటు జరిగితే జవాబు చెప్పవలసినవాడు మనిషే.

సాఫ్ట్‌వేర్ రంగంలో స్థిరపడాలన్న ఆశతో ఇంటర్మీడియట్‌లో చేరే విద్యార్థులు తెలుగునాట ఎందరో ఉన్నారు. కేవలం కోడ్ రాయగల నేర్పు యంత్రానికీ అలవడుతున్న కాలంలో, వారికి మిగిలే విలువైన సంపద వివేచన. స్వయంగా ఒక్క ప్రణాళికనైనా రచించనివానికి ఇతరుల ప్రణాళికలోని లోపం కనిపించదు. అతడు తెలిసి ఆమోదించడు, ఊరక తల ఊపుతాడు.

కాబట్టి విద్యార్థి మొదట కాగితం మీద తన ఆలోచనను తానే దశలుగా రాసుకోవాలి. ఆ ప్రోగ్రామ్‌ను ఉపయోగించేవారిని కలిసి వారి ఇబ్బందులు తెలుసుకోవాలి. ఆ తరువాతే యంత్రం ముందు కూర్చుని, ‘ఇందులో ఏమి మరిచాను?’ అని ప్రశ్నించాలి. అది ఇచ్చిన సలహాలలో తాను కారణం చెప్పగలిగినవాటిని స్వీకరించి, చెప్పలేనివాటిని పరిశీలనకు నిలిపి ఉంచాలి. ఈ క్రమాన్ని పాటించే యువతీయువకులకు కృత్రిమ మేధ మంచి తోడవుతుంది.