ఒంటె ఎక్కే ముందు అశోక్‌సాగర్ దాకా నడవండి

ఈ మధ్య హాస్టల్‌లో ఏ రూమ్‌కి వెళ్లినా జైసల్మేర్ మాటే. కారణం లేకపోలేదు. 2025 జులైలో కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠికి రోజూ నడిచే రైలు మొదలైంది. అది మన నిజామాబాద్ మీదుగానే పోతుంది. జోధ్‌పూర్ దాకా చేరితే జైసల్మేర్ ఇంకో 280 కిలోమీటర్లు. ఇంకేం, రైలు దొరికింది, రీల్స్ చూసి ప్లాన్ కూడా రెడీ అయింది: మూడు రోజుల ఒంటె ట్రెక్. నాకు పేచీ ఆ 'మూడు రోజుల' దగ్గరే. పోవద్దని నేను అనడం లేదు. ఎన్ని రోజులు పోవాలన్నది వాట్సాప్ పోల్ పెట్టి, మెజారిటీ చూసి తేల్చే విషయం కాదంటున్నాను.

"నడిచేది ఒంటె, మనం కూర్చోవడమే కదా, దానికి ఫిట్‌నెస్ ఎందుకు?" అని చాలామంది అంటున్నారు. కూర్చోవడమే అసలు పని. ఒంటె నడిచేటప్పుడు ఒక పక్క రెండు కాళ్లూ దాదాపు ఒకేసారి కదులుతాయి, తర్వాత రెండో పక్కవి. అందుకే పైనున్న మనిషి అడుగడుగుకీ ఊగుతాడు. ఆ ఊపును ఆపుకునేది నడుమూ పొట్టా. వెడల్పాటి జీను మీద కాళ్లు చాచి కూర్చోవాలి కాబట్టి తొడల లోపలి కండరాలు లాగేస్తాయి. పాదం ఆనించడానికి రికాబు కూడా చాలా జీన్లకు ఉండదు. పైగా ఒంటె ముందుగా వెనక కాళ్ల మీద లేస్తుంది. ఆ క్షణంలో మనం వెనక్కి వాలకపోతే నేరుగా దాని మెడ మీదికి పోతాం. పొలం బాటలో ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద రెండు గంటలు కూర్చుని వచ్చినవాళ్లకు నేను చెప్పేది సగం ఇప్పటికే అర్థమై ఉంటుంది.

ట్రెక్కులు స్థూలంగా మూడు రకాలు. ఒకటి, సమ్ ఇసుక తిన్నెల దగ్గర సాయంత్రం ఓ గంట సవారీ. నడుం నొప్పి లేనివాళ్లు ఎవరైనా చేయొచ్చు. రెండు, ఒక రాత్రిది. సాయంత్రం రెండు గంటలు, ఇసుకలో పడక, పొద్దున మళ్లీ రెండు గంటలు. మామూలుగా నడిచే అలవాటున్నవాళ్లకు ఇది సరిపోతుంది. మూడు, రెండు మూడు రోజులది. రోజుకు నాలుగైదు గంటలు జీను మీదే. ఒళ్లు పట్టేసినప్పుడల్లా దిగి ఇసుకలో నడవాల్సిందే. ఇసుకలో నడకకు గట్టి నేల మీద నడకతో పోలిస్తే అదే వేగానికి రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుంది.

మొదటి రోజు ఎవరైనా లాగించేస్తారు, ఆ ఉత్సాహం అలాంటిది. అసలు పరీక్ష రెండో రోజు పొద్దున, పట్టేసిన ఒంటితో మళ్లీ అదే జీను ఎక్కాల్సి వచ్చినప్పుడు. కాబట్టి జిమ్‌లో ఎంత బరువు ఎత్తుతామన్నది నేను లెక్కలోకి తీసుకోను. నా టెస్టు చాలా సింపుల్. నిజామాబాద్ నుంచి బోధన్ రోడ్డు పట్టుకుని జానకంపేట అశోక్‌సాగర్ దాకా పొద్దున్నే నడవండి. ఏడు కిలోమీటర్ల చిల్లర. తిరిగి నడిచే రండి. మర్నాడు మళ్లీ అదే చేయండి. రెండో రోజు కూడా కబుర్లు చెప్పుకుంటూ తిరిగొస్తే రెండు మూడు రోజుల ట్రెక్ గురించి ఆలోచించొచ్చు. రెండో రోజు మంచం దిగలేకపోతే ఒక రాత్రి ట్రెక్కే మేలు. అందులో నామోషీ ఏమీ లేదు. డెంగీ వచ్చి ఈమధ్యే తగ్గినవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా డబ్బులు కట్టొద్దు.

సీజన్ విషయంలో మాత్రం బేరం లేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే. "మేలో పోదాం, మన నిజామాబాద్ ఎండలు చూసినోళ్లమే కదా" అనే ధైర్యం పనికిరాదు. బయటి వేడి మన చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను దాటాక ఒళ్లు చల్లబడటానికి చెమట ఒక్కటే దారి. ఒంటెకు వేరే ఏర్పాటుంది. నీళ్లు దొరకనప్పుడు అది తన ఒంటి వేడిని 34 నుంచి 40 డిగ్రీల దాకా మారనిచ్చి చెమటను ఆదా చేసుకుంటుంది. మనకు 40 డిగ్రీలంటే ఆసుపత్రే. సౌదీలో, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం ఎండలో ఆరుబయట పని చేయించకూడదని రూల్ పెట్టారు. ఏళ్ల తరబడి ఆ ఎండకు అలవాటు పడ్డ కూలీలకే అలా ఉంటే మన సంగతి చెప్పాలా?

గల్ఫ్ మాట ఊరికే తేలేదు. మన జిల్లాలో ఎడారి అంటే ఫొటో కాదు. ఆర్మూర్, బాల్కొండ, బోధన్ వైపు ఊళ్లలో గల్ఫ్ పోయి వచ్చినవాళ్లు ఎంతమందో. వాళ్లలో వేరే పని అని చెబితే నమ్మి పోయి ఎడారిలో ఒంటెలు, గొర్రెలు కాసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరా 'ఫిట్' అనే కాగితం ఉండేది. వీసాకు ముందు చేసే మెడికల్‌లో రక్తం, ఎక్స్‌రే చూస్తారు, అంటురోగాలు ఉన్నాయేమో తేలుస్తారు. ఆ మనిషి ఎండలో ఎన్ని గంటలు నిలబడగలడో ఆ కాగితం చెప్పదు. అక్కడికి పోయాక "నా వల్ల కాదు" అందామంటే పాస్‌పోర్టు కఫీల్ చేతిలో, అప్పు ఊళ్లో.

మన చేతిలో ఆ మాట ఉంది. అయినా అనం. ఎందుకు? "భయమా రా?" అని ఎవడో నవ్వుతాడని. ఆ నవ్వుకు జడిసి మూడు రోజుల ట్రెక్‌కు ఓటేసినవాడు రెండో రోజు కూలబడితే గ్రూప్ మొత్తం ఆగిపోవాలి. ఫోన్ సిగ్నల్ కూడా సరిగ్గా అందని చోట.

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అది బాగా నడిచిన కాలంలో చెరుకు ఎడ్లబండ్ల మీద కూడా షక్కర్‌నగర్‌కు చేరేది. బండికి ఎంత బరువు ఎక్కించాలో తేల్చేటప్పుడు తెలిసిన రైతు జోడులో బక్క ఎద్దును చూస్తాడు, బలమైనదాన్ని కాదు. ట్రిప్ గ్రూప్‌కూ అదే లెక్క వేయమంటాను.

అందుకే అడ్మిన్లకు నా సూచన ఇది. పోల్ తీసేయండి. పేరు రాయని చీటీలు పెట్టండి. అశోక్‌సాగర్ టెస్టు అయ్యాక ఎవరికి వాళ్లు గంట, ఒక రాత్రి, మూడు రోజులు అని నిజం రాయాలి. అన్నింట్లో తక్కువ రాసినదే అందరి ప్లాన్. మూడు రోజులు చేయగలిగినవాళ్లు ఇంకా ఉత్సాహం మిగిలితే ఒంటె దిగి, తాడు పట్టుకుని ముందు నడిచే ఒంటె కాపరితో కాసేపు నడవొచ్చు. మనం ఎంచుకున్న దారంతా ఆయన రోజూ ఇసుకలో నడిచేదే. ఆయన అడుగుతో అడుగు కలిపి ఒక గంట నడవగలిగితే మీ ఫిట్‌నెస్‌ను నేనే ఒప్పుకుంటాను.