ఆ రోజు మిల్లు వ్యాను రాలేదు

పోస్టు పెద్దదే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మా రూములో కూర్చుని మాట్లాడుకున్నవన్నీ ఒకచోట రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి, తప్పుంటే కింద చెప్పండి.

మా రూములో ఆరుగురం. ముగ్గురు సుగాలీలు, ఇద్దరు ఎరుకల, ఒకడు మాచర్ల అడవి వైపు చెంచు. ఆరుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. మాలో ఒకడి యాడి ఆరేళ్లు స్పిన్నింగ్ మిల్లు పనికి పోయింది. తండా నుంచి ఇరవై మంది దాకా ఆడవాళ్లు పోయేవాళ్లు. సాయంత్రం వ్యాను ఎక్కితే తెల్లారాక దిగడం. పోయినేడు ఉగాది దాటిన నాలుగు రోజులకి, ఎప్పట్లాగే అందరూ అన్నం క్యారేజీలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. వ్యాను రాలేదు. చీకటి పడేదాకా చూసి ఇళ్లకు పోయారు. మర్నాడూ అంతే. మూడో రోజు మేస్త్రీ వచ్చి చెప్పాడంట, నూలు పోవడం లేదు, రాత్రి షిఫ్టు తీసేశారు, పని ఉంటే ఫోన్ చేస్తారు అని. ఫోన్ రాలేదు. రెండు నెలలకి గేటుకు తాళం పడింది. ఆఖరి పదిహేడు రోజుల కూలి ఈ రోజుకీ రాలేదు.

మిల్లు పేరు రాయడం లేదు. పేరు రాస్తే ఆ వైపు ఇంకో మిల్లులో కూడా మనవాళ్లని పనికి రానివ్వరని యాడి భయం. ఆ భయం గురించి కిందకి వచ్చాక మాట్లాడతాం.

ముందు అసలు సంగతి. పని లేదు, రావద్దు అని చెప్పడం యజమాని నోటిమాటతో అయిపోయే పని కాదు. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. ఇంటర్ దాకా చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అని ఒకటుండేది. దాని ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లని తీసెయ్యాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదంటే నెల జీతం ఇవ్వాలి. దాని మీద పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. యాభై మందీ ఆపైన పనిచేసే ఫ్యాక్టరీ మూసేయాలంటే 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు పెట్టాలి. పని తాత్కాలికంగా ఆపితే, అంటే లేఆఫ్ అయితే, ఆ రోజులకి మూల వేతనం, డీఏ కలిపి అందులో సగం ఇవ్వాలి. "ఫోన్ చేస్తాం" అని ఇంటికి పంపడానికి చట్టంలో ఉన్న పేరు ఇదే. యాడి వాళ్లు రెండు నెలలు లేఆఫ్‌లో ఉన్నారన్నమాట. వాళ్లకా సంగతి తెలీదు. అప్పుడు మాకూ తెలీదు.

ఒక రాత్రి లెక్క వేశాం. రోజుకి 400 కూలి అనుకుంటే, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున ఆరేళ్లకి తొంభై రోజులు, 36 వేలు. గ్రాట్యుటీ దీంట్లో కలిసిపోదు, అది వేరే. 1972 చట్టం ప్రకారం అయిదేళ్లు నిండితే అదీ ఏడాదికి పదిహేను రోజులే. ఇంకో 36 వేలు. మొత్తం 72 వేలు. నోటీసు జీతం, ఆగిపోయిన పదిహేడు రోజుల కూలి దీనికి అదనం. లెక్క రాసిన కాగితం చూసి వాడు చాలాసేపు మాట్లాడలేదు. మిల్లు ఆగిన ఏడాదే వాడి చెల్లి ఇంటర్ మధ్యలో మానేసింది.

తర్వాత యాడి ఫోన్ నంబరు పెట్టి ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తీశాం. అసలు కథ అక్కడ తెలిసింది. ఆరేళ్లు ఒకే మిల్లు, ఒకే మిషను, ఒకే వ్యాను. పాస్‌బుక్‌లో మాత్రం ముగ్గురు యజమానులు. ముగ్గురూ కాంట్రాక్టర్లే. ప్రతి రెండేళ్లకీ పని మానేసినట్టు ఒక తేదీ, నెల తిరక్కుండా కొత్తగా చేరినట్టు ఇంకో తేదీ. మిల్లు పేరు ఎక్కడా లేదు. ఆ కాగితం చూపిస్తే అయిదేళ్లు నిండిన మనిషే లేదంటారు, ఇంక గ్రాట్యుటీ ఎక్కడిది? ఇరవై మందిలో పీఎఫ్ ఉన్నది ఏడుగురికే. మిగతావాళ్ల పేర్లు మేస్త్రీ జేబులో ఉండే చిన్న నోటుబుక్కులో తప్ప ఎక్కడా లేవు.

మేం చెప్పదలుచుకున్నది ఇదే. మిల్లు మూతపడ్డాక చట్టం అడిగే మొదటి ప్రశ్న "నువ్వెవరు?" అని. మనవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. నష్టపరిహారం ఎంత, ఎప్పుడు ఇస్తారు అనేవి ఆ తర్వాత మాటలు. పుస్తకంలో పేరు పని ఉన్నప్పుడే ఎక్కాలి, తాళం పడ్డాక ఎక్కదు.

మన జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. దాచేపల్లి దగ్గర ఆంధ్రా సిమెంట్స్ వాళ్ల దుర్గా సిమెంట్ ఫ్యాక్టరీ అందరికీ తెలిసిందే. కంపెనీ అప్పుల్లో పడింది, ఉత్పత్తి ఆగింది. 2022లో దివాలా కేసు అమరావతి ఎన్‌సీఎల్‌టీకి ఎక్కింది. 2023 ఫిబ్రవరిలో సాగర్ సిమెంట్స్ సుమారు 922 కోట్ల ప్లానుతో దాన్ని తీసుకుంది. ఇట్లాంటి కేసుల్లో బ్యాంకులు ఎట్లా క్లెయిం వేస్తాయో కార్మికుడూ అట్లాగే వేసుకోవచ్చు. ఫారం-డి అని ఒకటుంటుంది, బాకీ ఎంతో రాసి రుజువులు జతచేసి గడువులోగా ఇవ్వాలి. కంపెనీ అమ్మకానికే పోతే, ఆఖరి 24 నెలల కార్మికుల బాకీకి తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానమైన వరస ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధి డబ్బు అప్పులవాళ్లు పంచుకోవడానికి వీల్లేదు. వినడానికి బాగుంది. కానీ ఏ ఫ్యాక్టరీలోనైనా కంపెనీ మస్టరులో పేరున్న మనిషి స్లిప్పు జతచేస్తాడు. కాంట్రాక్టరు కింద బస్తాలు మోసినవాడు ఏం జతచేస్తాడు? భుజం మీద కాయ చూపిస్తాడా?

ఇంకొంచెం దూరం పోతే ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురం. ఏజెన్సీ ప్రాంతం, చుట్టూ కోయ గూడేలు. అక్కడి బిల్ట్ రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీలో 2014లో ఉత్పత్తి ఆగింది. కార్మికులు బకాయి జీతాల కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. అదే ఏడాది ఆగిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు మాత్రం 2018లో జేకే పేపర్ చేతుల్లోకి పోయి మళ్లీ తెరుచుకుంది. ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి తెరుచుకోదు. అది మన చేతిలో లేదు.

మా క్లాసులో ఒకడు అడిగాడు, "యజమానే మునిగిపోతే ఆయన మాత్రం ఎక్కడ తెచ్చిస్తాడ్రా?" అని. న్యాయమైన ప్రశ్నే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో చిన్న యజమానులున్నారు, వాళ్లూ అప్పులు చేసేవాళ్లే. కానీ చట్టం ఈ మాట ముందే ఆలోచించింది. యజమాని చేతిలో లేని కారణంతో మూతపడితే పరిహారం మూడు నెలల జీతానికి మించక్కర్లేదు. అయితే నష్టాలొచ్చాయి, సరుకు అమ్ముడుపోక నిల్వ ఉండిపోయింది అన్నంత మాత్రాన అవి చేతిలో లేని కారణాలు కావని కూడా అదే చట్టం రాసింది. పత్తి ధర 2022లో క్యాండీ లక్ష దాటినప్పుడు మిల్లులు ఇబ్బంది పడ్డ మాట నిజమే. ధర బాగున్న ఏళ్ల లాభంలో యాడికి వాటా ఇవ్వలేదు కదా. అయినా పదిహేడు రోజుల కూలి పరిహారం కిందకి రాదు. అది చేసిన పనికి బాకీ.

ఇప్పుడు చట్టం కూడా మారింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మూసివేతకు ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అనే రూలు ఇదివరకు వంద మందికి ఉండేది, ఇప్పుడు మూడు వందల మందికి పోయింది. మన పక్కనున్న జిన్నింగ్ మిల్లు గానీ బట్టీ గానీ ఆ లెక్కలోకి రావు. ఇది మనకు నష్టమే అని మా అభిప్రాయం. పనికొచ్చేవీ కొన్ని ఉన్నాయి. పనిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. పని పోయిన రెండు పనిదినాల్లో కూలి బాకీ తీర్చాలి. తీసేసిన కార్మికుడికి యజమాని ఇంకో పదిహేను రోజుల వేతనం నైపుణ్య నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలనే రూలు పాతదే, అదీ ఉంది. యాడి వాళ్ల సంగతి కోడ్‌ల కంటే ముందుది కాబట్టి వాళ్లకు పాత చట్టమే.

ఇంక ఆ భయం గురించి. మేం అన్నిటికంటే ఎక్కువ వాదించుకున్నది దీని మీదే. యాడి వాళ్ల మేస్త్రీ బయటివాడు కాదు, మా రూమ్మేటుకి వరసకు మామ. పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు అడ్వాన్సు ఇచ్చేది ఆయనే. కూలి ఆయన చేతికి వస్తుంది, ఆయన పంచుతాడు. పేర్లు ఇవ్వమంటే "నా మీద నమ్మకం లేదా అల్లుడూ" అన్నాడు. ఆయనకీ మిల్లు నుంచి లక్ష దాకా రావాలి. ఆయన అసలు యజమానీ కాదు, కార్మికుడూ కాదు. రేపు కేసు అయితే మిల్లువాళ్లు వేలు చూపించేది ఆయన్నే. తండాలో సగం మంది ఇప్పటికే ఆయన్ని తిడుతున్నారు. మాలో ఇద్దరు ఆయన మీదే కంప్లయింట్ పెట్టాలన్నారు, నలుగురం వద్దన్నాం. చివరికి సెలవులకు పోయినప్పుడు ఆయన ఇంటికే పోయి కూర్చున్నాం. "మామా, ఈ నోటుబుక్కు నిన్ను కూడా కాపాడుతుంది, డబ్బు నువ్వు తినలేదని చెప్పేది ఇదొక్కటే" అన్నాం. రెండు గంటలు పట్టింది. పేజీలన్నీ ఫోటో తీసుకోనిచ్చాడు. వ్యాను డీజిల్ బిల్లులు కూడా ఇచ్చాడు, అవి మేం అడగనేలేదు.

చదువుకుని ఈ కూలి బతుకు నుంచి బయటపడాలి గానీ మిల్లు గొడవలు మనకెందుకు అని గ్రూపులో ఒక అన్న ఇదివరకు రాశాడు. అన్నా, మన మెస్ బిల్లు కాకుండా పై ఖర్చులన్నీ ఆ మిల్లు నుంచి, ఆ క్వారీ నుంచి వచ్చినవే. అక్కడ తాళం పడితే ఇక్కడ ట్రంకు పెట్టె సర్దుకుని పోయే తమ్ముళ్లని మీరూ చూశారు.

కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పూట దీనికి పెట్టండి. ఇంట్లో పనికి పోయేవాళ్ల పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు ఉన్నాయో లేదో చూడండి. పాస్‌బుక్‌లో యజమాని పేరు ఎవరిదో, మానేసిన తేదీలు ఏం పెట్టారో చూడండి. ఈఎస్‌ఐ కొన్నేళ్లు కట్టి ఉంటే, ఫ్యాక్టరీ మూతపడి పని పోయినవాళ్లకి రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన కింద 24 నెలల దాకా భృతి ఉంది, మా తండాలో ఒక్కరికీ తెలీదు. క్వారీలో చేసేవాళ్లకి గమనిక, క్వారీ గని లెక్కలోకి వస్తుంది, కాబట్టి మీరు పోవాల్సింది కేంద్ర కార్మిక శాఖ అధికారుల దగ్గరికి. రాష్ట్ర లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దు. లాయరు ఫీజు గురించి భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరుని ఉచితంగా ఇవ్వాలి. 15100కి ఫోన్ చేస్తే చాలు.

యాడి వాళ్ల అర్జీ రాయడం అయింది. పద్నాలుగు మంది వేలిముద్ర వేశారు, ముగ్గురు సంతకం చేశారు, మిగతావాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. వచ్చే సోమవారం లేబర్ ఆఫీసులో ఇస్తాం, మామ కూడా వస్తానన్నాడు. ఇట్లాంటి నోటుబుక్కులు, గేటు పాసులు ఎవరి ఇంట్లో ఉన్నా ఫోటో తీసి పెట్టుకోండి. గ్రూపులో మాత్రం పెట్టకండి, వాటిల్లో అందరి పేర్లు ఉంటాయి. అడ్మిన్ అన్నకి విడిగా పంపండి.