అది బొమ్మ తుపాకీ కాదు!

మొన్న మా చెల్లెలింటికి వెళ్లాను. కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, మేడమీద ఢామ్మని చప్పుడు! గుండె ఆగినంత పనైంది. పరుగెత్తి చూస్తే, తొమ్మిదో తరగతి చదివే మా చెల్లెలి కొడుకు చేతిలో నీళ్ల పైపు ముక్క. చుట్టూ చప్పట్లు కొడుతూ నలుగురు నేస్తాలు. "నేనే చేశాను పెద్దమ్మా!" అన్నాడు గర్వంగా. "మగపిల్లాడు కదండీ, ఆ మాత్రం హుషారు ఉంటుంది" అని మా మరిది నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఏం జరిగిందో చదివాను మరి. 'కార్బైడ్ గన్' అని ఇలాంటి గొట్టాలనే బజార్లో నూటయాభై, రెండొందలకు అమ్మారు. వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకున్న పిల్లలూ ఉన్నారు. భోపాల్, విదిశ తదితర చోట్ల వందమందికి పైగా కళ్లకు దెబ్బలు తగిలి ఆస్పత్రుల పాలయ్యారు. కొందరికి చూపే పోయింది. అమ్మనివ్వొద్దని పండగకు ముందే ప్రభుత్వం చెప్పింది. చెప్పి ఏం లాభం?

కార్బైడ్ మనకి తెలియనిదేం కాదు. మామిడికాయల్ని దొంగచాటుగా మగ్గబెట్టడానికి వాడేది అదే. పళ్లకి వాడకూడదని చట్టమున్నా ఆగలేదు. తడి తగిలితే దాన్నుంచి అసిటిలీన్ గ్యాసు పుడుతుంది. వెల్డింగు షాపులో ఇనుమును కోసే మంట ఆ గ్యాసుదే. గ్యాసు పోగా మిగిలేది సున్నం. అంటే పిల్లాడి మొహానికి మంట ఒక్కటే కాదు, సున్నం కూడా కొడుతుందన్నమాట. ఒక్కోసారి అది వెంటనే పేలదు. ఏమైందా అని పిల్లాడు గొట్టంలోకి తొంగి చూస్తాడు. అప్పుడు పేలుతుంది. చేతులకన్నా కళ్లే ఎక్కువగా పోయింది అందుకే.

ఖర్మకాలి అలాంటిది జరిగితే చనుబాలు, ఆముదం, నెయ్యి... ఏదీ కంట్లో వెయ్యకండి. నలపనివ్వకండి. వెంటనే కుళాయి కింద ధారగా నీళ్లు పోస్తూ పావుగంటకు తక్కువ కాకుండా కడగాలి. కన్ను చీరుకుని రక్తం కారుతుంటే మాత్రం దాన్ని నొక్కకుండా, ఏ ఒత్తిడీ పడకుండా కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మందుల షాపులో చుక్కలు కొని తెల్లారిందాకా చూద్దామనుకోవద్దు.

ఇంతకీ మావాణ్ణి నేను కొట్టలేదు, తిట్టలేదు. గొట్టంలో ఏం జరుగుతోందిరా అని అడిగాను. చెప్పలేకపోయాడు! వీడియోలో చూశాడు, చేశాడు, అంతే. ఎందుకు పేలుతుందో తెలియనివాడికి ఎప్పుడు పేలుతుందో ఏం తెలుస్తుంది? తెలుసుకోవాలన్న సరదా ఉంటే వాళ్ల సైన్సు మాస్టారున్నారు, బడిలో ల్యాబుంది. మేడమీద మాత్రం కుదరదన్నాను. మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

నా కోపమంతా సరుకు అమ్మినవాడి మీద. సాయంత్రం మేమిద్దరం ఆ షాపుకి వెళ్లాం. "చిన్నపిల్లాడికి ఎలా ఇచ్చావయ్యా?" అని అడిగితే, "డబ్బులిచ్చాడమ్మా, ఇచ్చాను" అన్నాడు తాపీగా. మా చెల్లెలు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు షాపు మెట్ల మీదే నిలబడి, వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ మాట వినిపించింది.