ఇరవై నాలుగు గంటల నోటీసు, ఇరవై నాలుగు గంటల నిఘా

ఇంటర్నెట్ కనెక్షన్ లేని అద్దె ఇంటికి సిమ్ కార్డుతో పనిచేసే నిఘా కెమెరా బిగించి, హైదరాబాద్‌లోని ఇంటిని డాలస్ నుంచో బెంగళూరు నుంచో ఫోన్‌లో చూసుకునే ఏర్పాటు గురించి జరిగే చర్చంతా బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుంది, డేటా ఎంత ఖర్చవుతుంది, దొంగ దొరుకుతాడా అనే మూడు ప్రశ్నల దగ్గరే ఆగిపోతోంది. అద్దె చెల్లించి ఆ ఇంట్లో కాపురముంటున్న కుటుంబం ఊసే అందులో ఉండదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, యజమాని తాను అద్దెకిచ్చిన ఇంట్లో అడుగు పెట్టాలంటే కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. యజమాని కాలు పెట్టడానికే 24 గంటల నోటీసు కావలసిన ఇంట్లోకి అతని చూపు మాత్రం రోజుకు 24 గంటలూ ఏ నోటీసూ లేకుండా చొరబడవచ్చనడం న్యాయం కాదు. అద్దె ఇంటి నివాస భాగం కనిపించేలా యజమాని కెమెరా పెట్టడాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు చట్టం ద్వారా నిషేధించాలి.

ఈ పరికరం పనిచేసే తీరు తెలిస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. మామూలు వైఫై కెమెరాకు ఇంట్లో ఉన్నవారి రూటర్ ఆధారం కాబట్టి అది నడుస్తోందన్న సంగతి వారికి తెలుస్తుంది, ఇష్టం లేకపోతే ఆపుకునే వీలూ ఉంటుంది. సిమ్ కెమెరాకు ఆ అవసరం లేదు. అది మొబైల్ టవర్ నుంచి వచ్చే 4జీ సిగ్నల్‌తో దృశ్యాన్ని పంపుతుంది, చిన్న సౌర ఫలకంతో చార్జ్ అవుతుంది, వేలిగోరంత మెమరీ కార్డులో రికార్డు చేసుకుంటూ, కార్డు నిండినప్పుడు పాత దృశ్యాలను చెరిపి వాటి స్థానంలో కొత్తవి నింపుతుంది. అంటే, ఇంటర్నెట్ అక్కర్లేదని అమ్మకందారులు గొప్పగా చెప్పే ఆ ఒక్క లక్షణమే అద్దెదారు చేతిలో మిగిలిన చివరి అదుపును కూడా తొలగిస్తోంది.

డేటా లెక్క దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున దృశ్యాన్ని నిరంతరాయంగా పంపితే రోజుకు సుమారు 10.8 జీబీ ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీలు ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్లతో అది సాధ్యం కాదు. అందుకే ఈ కెమెరాలకు మనిషి ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్ అమర్చి, ఎవరైనా కదిలినప్పుడు మాత్రమే మేల్కొని రికార్డు చేసేలా తయారు చేస్తారు. దొంగ ఏ ఏడాదికో ఒకసారి వస్తాడు, అసలు రాకపోనూవచ్చు. రోజూ ఆ కెమెరా ముందు కదిలేది అద్దెదారు, అతని భార్యాపిల్లలు, పనిమనిషి, ఇంటికి వచ్చిపోయే చుట్టాలు. దొంగ కోసమని పెట్టిన యంత్రం ఆచరణలో ఒక కుటుంబపు రాకపోకల దినచర్యను నమోదు చేసే చిట్టాగా మారుతోంది.

రెండు మూడు పోర్షన్లుగా కట్టిన ఇంటిని తీసుకుంటే, మెట్ల కింద సన్‌షేడ్‌కు బిగించిన కెమెరా గేటును, బండ్లు నిలిపే చోటును చూపడానికేనని యజమాని చెబుతాడు. కానీ ఆ వెడల్పాటి లెన్సులో పక్కనే ఉన్న బట్టల దండెం, గిన్నెలు తోముకునే కుళాయి, తలుపు తీసిన ప్రతిసారీ హాలులో సగభాగం కూడా పడతాయి. పరారుణ కాంతి వల్ల చీకట్లోనూ మనిషి కనబడతాడు, లోపల ఉన్న మైకు వల్ల గుమ్మం దగ్గర మాట్లాడుకున్న మాటలూ వినబడతాయి. టు-లెట్ బోర్డు చూసి వచ్చినవారిని కులమేమిటి, మాంసం వండుతారా, పెళ్లయిందా అని అడిగి గానీ ఇల్లు ఇవ్వని యజమానులున్న సమాజంలో, ఈ పరికరం ఆ ప్రశ్నలకు నిత్యం సమాధానం రాబట్టే సాధనమవుతుంది. ఒంటరిగా ఉండే ఉద్యోగిని రాత్రి ఎన్నింటికి వచ్చింది, ఎవరు దిగబెట్టారు అన్నది యజమానికి తెలియవలసిన భద్రతా సమాచారం ఎంతమాత్రం కాదు.

న్యాయపరంగా యజమానుల వాదనకు బలం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారమే, అద్దె చెల్లిస్తూ షరతులు పాటించే అద్దెదారుకు అంతరాయం లేకుండా ఆస్తిని అనుభవించే హక్కు ఉంటుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. ఒకే ఇంటిని పంచుకుని ఉంటున్నవారి మధ్య తలెత్తిన వివాదంలో, సాటి నివాసి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం అతని గోప్యతకు భంగమేనని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పగా, దానిలో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు అదే ఏడాది మే నెలలో నిరాకరించింది. అదే కప్పు కింద నివసించే మనిషికే లేని అధికారం, అద్దె తీసుకుని తాళం చేతికిచ్చిన యజమానికి ఎలా సంక్రమిస్తుంది?

అయినా చట్టాల్లో ఖాళీ ఉన్నమాట నిజం. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షన్ ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చిత్రీకరించడం, మర్మావయవాలను చిత్రీకరించడం వంటి నేరాలకే పరిమితం. ఒక కుటుంబపు రాకపోకలను నెలల తరబడి పోగుచేయడం వాటి పరిధిలోకి రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, వ్యక్తులు సొంత లేదా గృహ అవసరాల కోసం వాడుకునే డేటాకు మినహాయింపు ఇచ్చింది, యజమానులు దాని చాటున తలదాచుకునే వీలుంది. కానీ ఆ ఇల్లు గృహమైంది అద్దెదారుకు. యజమానికి అది ప్రతి నెలా ఆదాయం తెచ్చే ఆస్తి. ఆ డేటాను గృహ అవసరంగా లెక్కించడం చట్టం ఉద్దేశాన్నే తలకిందులు చేయడమవుతుంది.

ప్రవాసంలో ఉన్న యజమానుల భయం అర్థంలేనిదని ఎవరూ అనరు. తాళం వేసిన ఇంట్లో చోరీలు, ఖాళీ స్థలాల కబ్జాలు తెలుగు రాష్ట్రాల్లో కొత్తవి కావు. ఇల్లు ఖాళీగా ఉన్నంతకాలం సిమ్ కెమెరా సరైన ఏర్పాటే. తాళం అద్దెదారు చేతికి వెళ్లిన రోజున ఆ అవసరం గేటు వరకే పరిమితమవుతుంది, ఎందుకంటే ఆ తర్వాత ఇంటిని కనిపెట్టుకుని ఉండేది అందులో నివసించే మనిషే.

ఒక్క కెమెరా వంద మంది పోలీసులతో సమానమన్న నినాదం కూడా ఇక్కడ అతకదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థల్లో కెమెరాలు పెట్టి, రికార్డులను 30 రోజులు భద్రపరచాలని చెప్పింది. అద్దెకుంటున్నవారి గుమ్మం మీద నిఘా పెట్టమని చెప్పలేదు. నినాదాన్ని విస్తృతంగా ప్రచారం చేసిన ప్రభుత్వాలు 24 గంటల నోటీసు నియమాన్ని మాత్రం ప్రచారం చేయలేదు. నమూనా చట్టం రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది కాబట్టి ఈ మౌనానికి బాధ్యత నేరుగా రాష్ట్రాలదే.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. 11 నెలల అద్దె ఒప్పందంలో కెమెరా ఎక్కడుంది, దానికి ఏం కనబడుతుంది, సిమ్ ఎవరి పేరున ఉంది, రికార్డు ఎన్ని రోజులుంటుంది, ఎవరు చూస్తారు అన్న వివరాలు తప్పనిసరి చేయాలి. మైకు ఆపివేయాలి, లోపలి కెమెరాలను తాళం అప్పగించే రోజునే విప్పేయాలి, ఉల్లంఘించిన యజమాని అడ్వాన్స్‌కు రెట్టింపు చెల్లించాలి. ఎయిర్‌బీఎన్‌బీ అనే వ్యాపార సంస్థ తన వేదిక మీద అద్దెకిచ్చే ఇళ్ల లోపల కెమెరాలను 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా నిషేధించింది. రెండు రోజులు బస చేసే అతిథికి ఒక కంపెనీ ఇచ్చిన రక్షణను, ఏళ్ల తరబడి అద్దె కట్టే పౌరుడికి ఇవ్వడానికి ఎన్నికైన ప్రభుత్వాలు వెనుకాడటం సిగ్గుచేటు. యజమాని కాలికి 24 గంటల నోటీసు ఉన్నప్పుడు అతని కెమెరాకు అసలు నోటీసే లేకపోవడం పొరపాటున మిగిలిపోయిన ఖాళీ కాదు, ఆస్తి ఉన్నవాడి భయానికి ఆస్తి లేనివాడి గౌరవం కంటే ఎక్కువ విలువ కట్టే పాలకుల పక్షపాతం. దాన్ని శాసనసభలు వచ్చే సమావేశాల్లోనే సరిదిద్దాలి.